పిన్ని పెంచిన ఎర్ర పగడం

పిన్ని పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను అభన్‌పూర్‌లో ఒక కోల్డ్ స్టోరేజీ కప్పు మీద పైపులు బిగిస్తున్నాను. కాంట్రాక్టరు ఒక్క రోజు సెలవిచ్చాడు. "సగీ మా తో నహీ థీ నా?" అన్నాడు. సొంత తల్లి కాదు కదా అని. నా చేతిలో రెంచి ఉంది. బస్సుకి టైమైపోయింది కాబట్టి వాడు బతికిపోయాడు.

అక్కడికి బస్సు దూరంలో ఉన్న మోవాలో, పిన్ని ఇంటికి వచ్చినవాళ్లకి ముందు గదిలోని ఉప్పునీళ్ల తొట్టి గుర్తుండే ఉంటుంది. సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాల్సిన ఊళ్లో, నర్సుగా రిటైరైన మనిషి ప్రాణమున్న పగడాలు పెంచింది. వాటి మధ్య ఒక ఏంజెల్ చేపని వదిలింది. నీలం ఒళ్లు, పసుపు చారలు. అమ్మినవాడే వద్దన్నాడు, అది పగడాల్ని కొరుక్కుతింటుందని.

"ఆకలేస్తే నువ్వు మాత్రం మర్యాదగా కూకుంటావేటి? కడుపునిండా పెడితే వాటి జోలికెల్దు," అంది పిన్ని.

అలాగే పెట్టింది. పొద్దున్నించీ కొంచెం కొంచెంగా. ఎండిన సముద్రపు నాచు ఆకుని బట్టల క్లిప్పుతో తొట్టి అద్దానికి లోపలివైపు తగిలించేది. చేప వచ్చి ముందు ఆమె చేతి గాజుల్ని ముక్కుతో పొడిచి, తర్వాతే ఆకు తినేది.

"మొగుడికి టీ లేదు గానీ చేపకి టిఫినీ!" అనేవాడు బాబాయి.

"నీకు నోరుంది, అరుస్తావు. దానికేటుంది?"

తొట్టి నీళ్లు చల్లబరిచే మిషన్ ఒకసారి ఆగిపోతే నన్ను పిలిచింది. అప్పటికి నేను పదో తరగతి తప్పి తిరుగుతున్నాను. "పాడైతే అయింది, ఇప్పు," అంది. ఇప్పాను. ఇవాళ నాకు అన్నం పెడుతున్న పని ఆ మిషన్ దగ్గర నేర్చుకున్నదే.

తర్వాత పిన్నికి కిడ్నీలు పోయాయి. డయాలసిస్‌కి తీసుకెళ్లే ఆటో బయట హారన్ కొడుతున్నా, ఆకు తగిలించాకే చెప్పులేసుకునేది. నీళ్లు వడగట్టే మోటారు చూపించి, "దీనికీ నాకూ ఒకటే వైద్యంరా. దీనికి సూదులుండవు, అంతే," అనేది. డాక్టర్లు ఉప్పు మానేయమన్నారు. మోచేతుల దాకా ఉప్పునీళ్లలో పెట్టి, "తినట్లేదు కదా," అని నవ్వేది.

ఆసుపత్రిలో ఆఖరిసారి చూసినప్పుడు ఒక్కటే అడిగింది. "దానికి మేత ఆపకండ్రా. ముందు ఎర్రదాన్నే తినేస్తాది." అరచేతంత ఎర్ర పగడం, మెత్తటి కండ. వేలెడంత ముక్క నుంచి పెంచింది.

దహనానికి బాబాయి వాళ్ల అక్క శ్రీకాకుళం నుంచి వచ్చింది. పనికి తిరిగి వెళ్తూ ఆవిడకి మేత డబ్బా చూపించి, క్లిప్పు ఎలా పెట్టాలో చెప్పాను. "అలాగే నాయనా," అంది.

పెద్దకర్మ రోజు వచ్చి చూశాను. పగడం మీద ఎర్రటి కండ లేదు. లోపలి తెల్లటి ఎముక మిగిలింది. చేప దాన్నే గీకుతోంది. డబ్బా నేను పెట్టినచోటే ఉంది.

"మైల ఇంట్లో పొయ్యే ముట్టించలేదు, చేపలకి మేతేటి నాయనా?" అంది ఆవిడ.

"మరి పక్కింటోళ్లు పంపిన క్యారేజీలు ఎవరు ఖాళీ చేశారత్తా? మీకు మైల లేదా?"

"ఏట్రా ఆ మాటలు, పెద్దా సిన్నా లేకుండా!"

అరిచాను. ఇంటినిండా చుట్టాలు ఆమె మంచితనం చెప్పుకుని ఏడుస్తున్నారు. ఆమె కోరిన ఒక్క పని చెయ్యడానికి ఒక్క చెయ్యి లేవలేదు. ఇది రాస్తుంటే ఇంకా మండుతోంది.

బాబాయి లేచాడు. జీవితంలో ఆ తొట్టిని ముట్టుకోని మనిషి. డబ్బా తెరిచి ఆకు తీశాడు, చొక్కా చెయ్యి మడవకుండానే నీళ్లలో ముంచాడు. క్లిప్పు పట్టడం రాలేదు. ఆకుని వేళ్ల మధ్యే పట్టుకుని నిలబడ్డాడు.

చేప వచ్చింది. ఆ మణికట్టు చుట్టూ తిరిగింది, ఇటు, అటు, ముక్కుతో వెతికింది. గాజుల్లేవు. ఆకు ముట్టుకోకుండానే వెనక్కి వెళ్లి మళ్లీ ఆ తెల్లటి ఎముకని గీకడం మొదలుపెట్టింది. బాబాయి చెయ్యి మాత్రం నీళ్లలోంచి తియ్యలేదు.