బీడీ మానిన స్వామి

మా నాన్న జగమొండి. అన్నయ్యకు వచ్చింది జబ్బేనని ఒప్పుకోవడానికే ఆయనకు ఏళ్ళు పట్టింది. ఆ రోజుల్లో అన్నయ్య నన్ను చూస్తే, చెల్లెలి వేషంలో ఎవరో వచ్చారని తలుపేసుకునేవాడు. ఏలూరు డాక్టరు మాత్రలు మార్చి మార్చి ఒక మోతాదు కుదిర్చాక, ఒక ఉదయం నన్ను చూసి "చెల్లాయ్, టీ పెట్టావా?" అన్నాడు. ఇక నాకేమీ అక్కర్లేదనిపించింది.

కైకలూరు దగ్గర మా చేపల చెరువులో మేత సంచులు కట్టేది అన్నయ్యే. నోట్లో బీడీ ఆరేది కాదు. "మాత్రకి బుర్ర మొద్దుబారిపోద్దే. బీడీ కాలిస్తే కాస్త తెరుచుకుంటది" అనేవాడు. నాన్నకు ఆ బీడీ అంటే ఒళ్ళుమంట. తిట్టినా మానడం లేదని, ద్వారకా తిరుమల తీసుకెళ్ళి గోవింద మాల వేయించాడు. దీక్షలో పొగ ముట్టకూడదు కదా, అన్నయ్య ఆ రోజే మానేశాడు. మాత్రలు మాత్రం అవే, అన్నే.

కొన్నాళ్ళకే కూర్చున్నచోట నిద్రపోవడం మొదలైంది. చొంగ కారి తువ్వాలు తడిసేది. భజనలో తల వాలిపోతే, "ఎంత భక్తండీ మీవాడికి" అన్నారు తోటి స్వాములు. పుట్టినప్పటి నుంచీ 'వెధవా' అని పిలిచిన నాన్న, అన్నయ్య మాల వేసుకున్నాడు కాబట్టి "స్వామీ, లేవండి" అని మర్యాదగా తట్టేవాడు. డాక్టరుకు చూపిద్దామని నేనంటే నాన్న వినలేదు.

"మాలలో ఉన్నోణ్ణి ఆస్పత్రుల చుట్టూ తిప్పుతారటమ్మా? ఇన్నాళ్ళకి కుదుటపడ్డాడు. దిష్టి పెట్టకు."

ఆ వారమే చెరువుగట్టు మీద ఫిట్స్ వచ్చి పడ్డాడు.

ఏలూరు తీసుకెళితే డాక్టరు ముందు అడిగింది ఒక్కటే. "బీడీలు ఎప్పుడు మానేశాడండీ?"

పొగ ఒంట్లో ఆ మందును త్వరగా అరగదీస్తుందట. పొగ తాగేవాడికి కుదిర్చిన మోతాదు, పొగ మానేసరికి పేరుకుపోయి విషమైంది. డాక్టరు మాత్ర బాగా తగ్గించి, "మళ్ళీ మొదలెట్టినా మాకు చెప్పాలండీ" అని నాన్నకు నచ్చజెప్పాడు. నాన్న తలూపాడు.

దీక్ష ముగిసింది. అన్నాళ్ళూ అన్నయ్య కోసం పుట్టింట్లోనే ఉన్న నేను తాడేపల్లిగూడెం అత్తారింటికి వచ్చేశాను. అప్పుడు పుట్టింది నాన్నకు, ఎన్నడూ లేని జాలి. పాపం, వాడికున్న సుఖం అదొక్కటేనని తనే బీడీకట్టలు కొని అన్నయ్య జేబులో పెట్టాడు. డాక్టరుకు చెప్పలేదు, నాకూ చెప్పలేదు. తగ్గించిన మాత్ర ఆ పొగకు ఏ మూలకూ చాలలేదు.

నేను మళ్ళీ వెళ్ళేసరికి అన్నయ్య గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. చొంగ లేదు, మత్తు లేదు. "చూశావా, ఎంత హుషారుగా ఉన్నాడో" అని మురిసిపోయాడు నాన్న. నేను టీ గ్లాసు అందించాను. అన్నయ్య అందుకోలేదు. నన్ను ఎగాదిగా చూసి, చాలా మర్యాదగా అడిగాడు.

"మా చెల్లాయిని ఏం చేశారండీ?"