గవ్వల మేడం

ఆ రోజుల్లో ఉద్యోగం కంటే అది పోతుందన్న భయమే నాకు ఎక్కువ అలవాటు. తెనాలి నుంచి రోజూ పాసింజరు బండిలో బాపట్ల వెళ్లి ఇంజనీరింగ్ పిల్లలకు సంభావ్యత, గణాంకశాస్త్రం చెప్పేదాన్ని. ఏడాదికోసారి పొడిగించే తాత్కాలిక ఉద్యోగం. పిల్లలు సూత్రాలు గడగడా అప్పజెప్పేవాళ్లుగాని ఒక్కడూ వాటిని నమ్మేవాడు కాదు. చేత్తో వేసి లెక్కపెడితే నమ్ముతారని, రేపల్లెలో అమ్మమ్మ అష్టాచెమ్మా ఆడే గవ్వలు గుప్పెడు సంచిలో వేసుకుని బయల్దేరాను. (పుస్తకంలో ఉన్నవి పాచికలు. వాటితో రైలెక్కితే జనం ఏమనుకుంటారోనని నా జాగ్రత్త.)

చుండూరు దాటకముందే ఎదుటి సీటు పెద్దావిడ నా సంచి మీద అనుమానంగా చూపు నిలిపింది.

"ఏంటమ్మాయ్, గలగలమంటన్నాయి?"

"గవ్వలండి."

"గవ్వలేసి చెప్తావా! మా కోడలి కాన్పెప్పుడో చూడు తల్లీ."

"లేదండి, కాలేజీలో పాఠానికండి."

"గవ్వలాడే కాలేజీ ఎక్కడుందమ్మా! చెప్పడం ఇష్టం లేకపోతే మానెయ్."

పక్క వరుసలో మా కాలేజీ అటెండరు కూర్చున్నాడని బండి దిగేటప్పుడు గాని గమనించలేదు.

పిల్లలు నేలమీద గుంపులుగా కూర్చుని "చెమ్మ పడింది మేడం!" అని అరుస్తుండగా ప్రిన్సిపాల్‌గారు గుమ్మంలో నిలబడ్డారు.

"జూదమా, జోస్యమా? ఏదో ఒకటి తేల్చండమ్మా. మీ పొడిగింపు కాగితం నా బల్లమీదే ఉంది."

నాలుగు గవ్వలు ఆయన చేతిలో పెట్టాను. వేశారు. మళ్లీ వేశారు.

"అన్నీ బోర్లానే పడుతున్నాయేంటి? సగం సగం పడొద్దూ? ఇందులో ఏదో మోసముంది."

"సగమని మనమనుకున్నామండి, గవ్వ ఒప్పుకోలేదు. అందుకే వేసి లెక్కపెడుతున్నామండి" అనేసి నాలుక కరుచుకున్నాను.

వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. "సాయంత్రం నా గదికి రండి. అవి తీసుకుని" అని ఆయన వెళ్లిపోయారు. (సాక్ష్యం కోసమనుకున్నాను.)

సాయంత్రం ఆయన అటెండర్ని టీకి పంపి, వాడు మెట్లు దిగేదాకా కిటికీలోంచి చూసి, నా కాగితం మీద సంతకం చేశారు. తర్వాత గొంతు తగ్గించారు.

"రిటైరయ్యాక నాదీ ఏడాదికోసారి పొడిగింపేనమ్మా. ఈసారి ఇస్తారో లేదో... ఒక్కసారి వెయ్యి."

"అలాంటివి ఇవి చెప్పలేవండి."

"తెలుసులే. అయినా వెయ్యి."

వేశాను. నాలుగూ వెల్లకిలా పడ్డాయి. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వారు. ఆయనకు పొడిగింపూ వచ్చింది. (గవ్వలకు ఏ సంబంధమూ లేదు.)

ఆ నాలుగు గవ్వలూ ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. దేనికోసమైనా ఎదురుచూస్తూ కుదురులేనప్పుడు తలుపేసుకుని వేస్తాను. నమ్మకమేమీ లేదు. బోర్లా పడితే మాత్రం, ఒక్కసారి వేసి ఏదీ తేల్చకూడదని పాఠం చెప్పింది నేనేగా అనుకుని, మళ్లీ వేస్తాను.