గడపకు రాసిన పసుపు

మా వీధిలో తడి చెత్త రోజూ పట్టుకెళతారు, పొడి చెత్త వారానికోసారే. పగిలిన అద్దం ఇంట్లో ఉంటే అరిష్టమని పక్కింటావిడ వారం ఆగలేక, ఆ పెంకుల్ని తడి బుట్టలో అన్నం కింద కప్పెట్టింది.

పొద్దున్నే చెత్తబండి ఆమె గుమ్మం పక్కన పెట్టిన ఆ బుట్టలోంచి ప్లాస్టిక్ కవరు ఏరబోయి వట్టి చెయ్యి పెట్టింది. అరచెయ్యి చీరుకుపోయి నెత్తురు పక్కింటివాళ్ల గడప మీద కారింది.

పక్కింటావిడ పరుగున పసుపు తెచ్చింది. గాయానికేమో అనుకున్నాను. వంగి గడపకు రాసింది.

“శుక్రవారం పూట గుమ్మంలో ఈ నెత్తురేంటండీ!” అంది.

నా ఒళ్లు మండిపోయింది. కొంగు చింపి ఆ చేతికి కట్టి, బుట్ట ఎత్తి ఆ పసుపు గడప మీదే బోర్లించాను. పెంకులు ఆవిడ వట్టి కాళ్ల చుట్టూ చిమ్మాయి.

“పిచ్చెక్కిందా మీకు?” అని కేకలేసింది.

“ఏరండి. మీరూ వట్టి చేతుల్తోనే ఏరండి,” అన్నాను.