ఆరాధనలో హాజరు

మా చిన్నప్పుడు మందిరం అంటే మా ఇంటి పంచే... సీతారామపురం దగ్గర పల్లె మాది. ఆరాధనకు ఉదయగిరి చర్చి దాకా పోవాలి, బస్సు ఉండదు. నాయన మా పల్లె బడిలోనే అయ్యవారు. ఆయనే సంఘం మొదలుపెట్టాడు. రెండు ఈతచాపలు పరిస్తే మందిరం తయారు.

నాయనకు బడి అలవాటు పోలేదు. చివరి ప్రార్థన కాగానే పేర్లు పిలిచేవాడు.

"మరియమ్మ?"

"వచ్చినానయ్యోరా."

రానివాళ్ల పేరు రెండోసారి ఇంకాస్త గట్టిగా పిలిచేవాడు. ఆ తర్వాత తల అడ్డంగా ఊపేవాడు. పంచలో ఉన్నవాళ్లంతా చూసేవాళ్లు.

ఒక ఆదివారం ఒక పెద్దాయన తుండు దులుపుకుంటూ లేచాడు. "అయ్యోరా, పరలోకంలో కూడా ఇట్నే పిలుస్తారా? పిలిచేటట్టయితే ఇప్పుడే చెప్పండి, నేను రాను."

అందరూ నవ్వారు. నాయన నవ్వలేదు. పిలవడమూ మానలేదు.

ఒక వారం తప్పినవాళ్లు ఆ సిగ్గుతో మరుసటి వారం కూడా రాలేదు... చివరికి మరియమ్మ కూడా. ఒక చాప చుట్టి లోపల పెట్టేశాం. ఇంకో నెల ఇట్లాగే జరిగితే సంఘం లేనట్టే.

సోమవారం అమ్మ మరియమ్మ ఇంటికి పోయింది. నేనూ వెంట పోయాను. ఆరాధనకు ఎందుకు రాలేదని అమ్మ అడగలేదు.

"ఏం వండినావు మరియమ్మా?"

"పొయ్యి ముట్టించలా అక్కా... మా ఆయన పనికి పోయి ఇంకా రాలా."

అమ్మ ఆమెను, పిల్లల్ని ఇంటికి పిలుచుకొచ్చి సంగటి పెట్టింది. వాళ్లు పోయాక నాయనతో అంది. "ఇంక పేర్లు పిలవబాకండి. ఇండ్లకు పోండి. బైబిలు ఈడనే పెట్టి పోండి."

నాయనకు కోపం వచ్చింది. అయినా పోయాడు... ఎండలు ముదిరేలోగా రెండో చాప మళ్లీ పంచలోకి వచ్చింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మా ఆవిడ అక్క కొడుకు ఆత్మకూరులో కొత్త సంఘం పెట్టాడు. షాపుల పైన హాలు, మేమిద్దరమూ అక్కడికే పోయేవాళ్లం. మెట్ల దగ్గర వాడి ఫొటోతో ఫ్లెక్సీ. ప్రతి ఆదివారం మధ్యాహ్నం వాట్సాప్ గ్రూపులో 'ఈ వారం రానివారు' అని పేర్లు పెడతాడు. చివర దణ్ణం పెట్టే బొమ్మ ఒకటి.

మా ఆవిడ చనిపోయిన తర్వాతి ఆదివారం నేను ఆరాధనకు పోలేదు. రానివారిలో నా పేరు వచ్చింది.

దాని కింద ఆమె పేరు. తీసేయడం మరిచిపోయాడు.

మొన్న ఇంటికి వచ్చాడు. "జనం తగ్గిపోతా ఉండారు చిన్నాయనా. ఇట్నే ఉంటే హాలు వదిలేయాల్సిందే. ఇంకో రెండు స్పీకర్లు పెట్టిస్తే ఎట్టుంటాది?"

"రానోళ్ల ఇండ్లకు పోయినావా?"

"గ్రూపులో పెడతానే ఉండాను కదా."

"చూసినాను. మీ చిన్నమ్మ పేరు కూడా ఉండాది."

ఫోన్ తీసి చూసుకున్నాడు. తర్వాత, "చిన్నమ్మ ఉంటే ఏం చేయాలో చెప్పుండేది" అన్నాడు.

"చెప్పింది రా. ఇంటింటికీ పోయి కూర్చోమనింది. అప్పుడు నువ్వు మైకు సరిచేసుకుంటా ఉండావు."

కొత్త సంఘం పెట్టేవాళ్లు సలహా అడుగుతుంటారు. నాకు తెలిసింది ఇంతే... హాలు, స్పీకర్లు తర్వాత చూసుకోండి. రానివాళ్ల ఇంటి దోవ ముందు తెలుసుకోండి. పోయినప్పుడు ప్రసంగం చేయకండి.

ఇప్పుడు ఒకళ్లను తప్పుపట్టడానికి నోరు కూడా తెరవక్కర్లేదు... వేలు చాలు. పలకరించడానికి మాత్రం ఇప్పటికీ మనిషే రావాలి.

మీ ఊళ్లో మొదటి ఆరాధన ఎవరి పంచలో జరిగింది? మీరు రాకపోతే ఎవరు వచ్చేవాళ్లు? రాయండి... ఆదివారాలు నాకు ఖాళీయే, చదువుకుంటాను.