వేలిముద్ర పడని అనుమతి పత్రం

అనుమానం నాకు పుట్టుకతోనే వచ్చింది. మా ఇంటికి పాలు పోసే ఆయన నా మొహం చూడగానే, నేను నోరు తెరవకముందే ఇంకొంచెం పోస్తాడు. అలాంటి నాకు మా ప్రిన్సిపాల్ విద్యార్థి కార్యక్రమాల బాధ్యత ఏరికోరి అప్పగించారు. సిద్దిపేటలో మాదొక మామూలు డిగ్రీ కాలేజీ. అంతకు కొన్నాళ్ల ముందు ఎక్కడో వేరే కాలేజీ పిల్లలు విహారానికి వెళ్లి నీళ్లలో దిగారు. ఇద్దరు తిరిగి రాలేదు. వాళ్ల తల్లిదండ్రులు కాలేజీ గేటు ముందు కూర్చున్న ఫొటో పేపర్లో చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. నా సంతకం మీద ఎంతమంది బస్సెక్కితే అంతమందీ క్షేమంగా దిగాలి. నాకు కావలసింది అదొక్కటే.

అందుకని ఒక అనుమతి పత్రం తయారు చేశాను. తల్లి లేదా తండ్రి సంతకం, ఫోన్ నంబరు, పిల్లలకు ఏమైనా జబ్బులుంటే ఆ వివరం. పత్రం చేతికి రాగానే నమ్మేస్తానా? ప్రతి నంబరుకూ నేనే ఫోన్ చేసేదాన్ని. ఒకసారి అవతలి 'తండ్రి' గొంతు మరీ లేతగా ఉంటే, మీ అమ్మాయి ఏ వారం పుట్టిందండీ అని అడిగాను. టక్కున ఫోన్ పెట్టేశారు. స్టాఫ్ రూమంతా పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. ఆ అమ్మాయిని ఆ ఏడాదంతా ఎక్కడికీ పంపలేదు.

మల్లన్న జాతర మొదలయ్యాక ఒక ఆదివారం మా పిల్లలు కొమురవెల్లికి వాలంటీర్లుగా వెళ్లడం ఆనవాయితీ. క్యూలైన్లలో మంచినీళ్లు ఇవ్వడం, ముసలివాళ్లను చెయ్యి పట్టుకుని నడిపించడం, తప్పిపోయిన చిన్నపిల్లలను మైకు దగ్గరికి చేర్చడం వాళ్ల పని. ఆ ఏడు నలభై మంది పేర్లిచ్చారు. పత్రాలన్నీ ముందేసుకుని ఒక్కొక్కటీ చూస్తుంటే రెండో సంవత్సరం అమ్మాయి పత్రం దగ్గర నా చెయ్యి ఆగింది. సంతకం చోట వేలిముద్ర ఉంది. ముద్ర అంటే ముద్ర కాదు, నల్లటి మరక. ఒక్క గీత లేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. ఈ పిల్ల ఏ గుడ్డపీలికనో సిరాలో ముంచి అద్దిందని నాకు గట్టిగా అనిపించింది. నంబరుకు ఫోన్ చేస్తే స్విచాఫ్. మధ్యాహ్నం చేసినా అంతే, మర్నాడు చేసినా అంతే. ఇంకేం కావాలి?

అమ్మాయిని పిలిచి నలుగురి ముందే అడిగాను. అది నేను చేసిన మొదటి తప్పు. ఆ పిల్ల మొహం కందిపోయింది గానీ తల దించలేదు.

"గది మా అమ్మదే మేడం. ఒట్టు."

వేలిముద్రకు గీతలుంటాయమ్మా, అవెక్కడికి పోయాయి అని వెటకారంగా అడిగాను. వాళ్లమ్మ బీడీలు చేస్తుందని ఏదో చెప్పబోయింది. వినలేదు. పేరు కొట్టేశాను. సాయంత్రం కాలేజీ వదిలాక మెట్ల దగ్గర మళ్లీ కాచుకుని ఉంది. బతిమాలింది. తన స్నేహితురాలు ఒకమ్మాయి జాబితాలో ఉందట, ఆ అమ్మాయిని ఒంటరిగా పంపలేనంది.

"నేను పోకుంటె అది ఒక్కతే అయితది మేడం. నన్ను గూడ తీస్కపోండ్రి."

నలభై మందిలో ఒక్కతే ఎట్లా అవుతుంది? అంత పట్టుబడుతోందంటే ఇద్దరూ కలిసి అక్కడినుంచి ఎక్కడికో జారుకోవాలని చూస్తున్నారని లెక్క కట్టాను. ఇంటికెళ్లి ఆ స్నేహితురాలి పత్రం మళ్లీ తీశాను. తండ్రి ఇంగ్లీషులో చక్కగా సంతకం చేశాడు. జబ్బులు 'ఏమీ లేవు' అని రాశాడు. ఫోన్ చేస్తే ఆయనే ఎత్తాడు, అమ్మాయి పుట్టిన వారం కూడా తడుముకోకుండా చెప్పాడు. మర్యాదస్థుడు. ఆ పత్రం మీద టిక్కు పెట్టాను.

ఆదివారం పొద్దున బస్సెక్కేటప్పుడు రెండుసార్లు తలలు లెక్కపెట్టాను. ముప్పైతొమ్మిది. కొమురవెల్లిలో దిగాక మళ్లీ లెక్క. ఇద్దరిద్దరిని జతచేసి, మిగిలిన ఒక్కరిని ఒక జతలో కలిపి, ఎవరూ జత విడవకూడదని గట్టిగా చెప్పి, నేను క్యూలైన్ల మధ్య అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. ఎవరు ఫోన్ చూస్తున్నారు, ఎవరు నీడకు చేరారు, అదే నా గోల.

ఎండ నడినెత్తికి వచ్చేవేళ ఆడవాళ్ల లైన్లో కలకలం రేగింది. డప్పుల చప్పుడు మీద ఎవరో "శిగమొచ్చింది, జరగుండ్రి" అని అరుస్తున్నారు. మల్లన్న మనిషి మీదికి వస్తే అక్కడ అట్లాగే అంటారు. జనం జాగ ఇచ్చి దండాలు పెడుతున్నారు. తోసుకుంటూ వెళ్లి చూస్తే కింద పడి కొట్టుకుంటున్నది మా పిల్ల. మర్యాదస్థుడి కూతురు. ఒక ముసలమ్మ దోసెడు బండారి పసుపు తీసి ఆ పిల్ల మొహం మీద చల్లింది. ఇంకొకామె చేతులు జోడించి, తన కొడుకుకు సంతానం ఎప్పుడు కలుగుతుందో చెప్పమని అడుగుతోంది. ముక్కు నిండా, నోటి నిండా పసుపు.

నేనేం చేశానో చెప్పాలి. చెప్పకపోతే ఇదంతా రాయడం దండగ. నేను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. ఎండలో పని ఎగ్గొట్టడానికి శిగం నటిస్తోందని అనుకున్నాను. లేవమని కసిరాను కూడా. అందరూ ఆ పిల్లలో దేవుణ్ణి చూస్తుంటే నేను దొంగను చూశాను. ఆ పిల్లకు ఏమైందో ఒక్కరమూ చూడలేదు.

పసుపు నురగలో ఎర్రటి చార కనపడ్డాక ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. ఎవరో తాళాలగుత్తి చేతిలో పెట్టమన్నారు, ఎవరో నోట్లో గరిటె పెట్టమన్నారు. ఏది చెయ్యాలో, ఏది చెయ్యకూడదో నాకు తెలియదు. జతగా ఉన్న అమ్మాయి ఏడుస్తూ ఎవరికో ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. నేను బస్సెక్కనివ్వని పిల్ల గొంతు వినిపించింది; ఏమైనా అయితే తనకే ఫోన్ చెయ్యమని ముందే చెప్పి ఉంచిందట. కంగారు లేదు. గబగబా, ఒక్కొక్కటిగా చెప్పింది.

"ఒక పక్కకు మలుపుండ్రి. నోట్లె ఏం పెట్టకుండ్రి. ముక్కుకాడి బండారి తుడ్వుండ్రి. తలకాయ కింద చున్ని పెట్టుండ్రి. రెండు నిమిషాలల్ల ఆగుతది, లేకుంటె అంబులెన్సుల దవాఖానకు తీస్కపోండ్రి."

ఆగింది. ఆ రెండు నిమిషాలు నేను నా చున్నీతో ఆ పిల్ల ముక్కు తుడుస్తూనే ఉన్నాను. పడ్డప్పుడు ఇనుప కమ్మీ తగిలి నుదురు చిట్లింది, నాలుక తెగింది. దవాఖానలో కుట్లు వేశారు. తండ్రి వచ్చాడు. చిన్నప్పటినుంచీ ఫిట్స్ ఉన్నాయని, పెళ్లి కావలసిన పిల్ల కాబట్టి ఎక్కడా రాయలేదని తలొంచుకుని చెప్పాడు. ఆయన మీద అరవాలనిపించింది. ఏ మొహంతో అరుస్తాను?

సాయంత్రం ముప్పైతొమ్మిది మందీ ఇళ్లకు చేరారు.

మర్నాడు కాలేజీ అయ్యాక, నేను పేరు కొట్టేసిన అమ్మాయి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. వాళ్లమ్మ వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది. ఎందుకొచ్చానో ఆమెకు తెలుసు. బొటనవేలు నా ముందు పెట్టింది. నున్నగా అరిగిపోయి ఉంది.

"రేషన్ షాపుల గూడ మిషిన్ల పడది మేడం. కన్ను మిషిన్ల జూసి బియ్యమిస్తరు. ముద్రేసింది నేనే. మా పిల్ల అబద్ధమాడది."

ఫోన్ సంగతి కూడా ఆమే చెప్పింది. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోన్, పిల్ల కాలేజీకి తీసుకెళ్తుంది. క్లాసుల్లో ఫోన్లు ఆపెయ్యాలని నియమం పెట్టింది నేనే. తప్పైపోయిందమ్మా అన్నాను. ఆమె చాట వైపు చూస్తూ సరేనన్నట్టు తలూపింది.

అమ్మాయి గడప దగ్గర నిలబడి ఉంది. నలుగురి ముందు అన్నందుకు క్షమించమని ఆ పిల్లను కూడా అడిగాను. తర్వాత అడగకుండా ఉండలేకపోయాను. అన్నీ తెలిసి కూడా, మెట్ల దగ్గర అంతసేపు బతిమాలి కూడా, స్నేహితురాలి జబ్బు సంగతి నాకెందుకు చెప్పలేదని.

"చెప్తె దాని పేరు గూడ కొట్టేస్తుంటిరి గద మేడం."

కాదని అనబోయాను. నిజంగానే కొట్టేసేదాన్ని. కొట్టేసి, ఒక గండం తప్పించానని ఆ రోజు హాయిగా నిద్రపోయేదాన్ని. మిగతా పిల్లల్లో ఇట్లాంటివి దాచుకున్నవాళ్లు ఇంకా ఉన్నారా అని మెల్లగా అడిగాను.

"ఉన్నరు మేడం" అంది.

ఎవరని అడగాలని నాలుక దాకా వచ్చింది, అడగలేదు. ఆ అమ్మాయి నా మొహం వైపు చూసి, ఒక్క పేరూ చెప్పకుండా, చాయ్ పెట్టుకొస్తానని లోపలికి వెళ్లిపోయింది.