మా అక్కకు దొరకని మందు

సహోదరులారా, సహోదరీలారా, ప్రాణం దక్కినందుకు దేవునికి కృతజ్ఞత చెప్పాలని ఈ ఉదయం మీ ముందు నిలబడ్డాను, కానీ నా సాక్ష్యం నా జబ్బుతో మొదలు కాదు, మా అక్క సువార్త జబ్బుతో మొదలవుతుంది. ఆమె సంగతి వదిలేసి నా సంగతి మాత్రమే చెప్పడం నా వల్ల కాదని మన పాస్టరుగారికి ముందే చెప్పాను. ఆయన "చెప్పమ్మా నిర్మలా, ఉన్నదంతా చెప్పు" అన్నారు. ఆయన ఇక్కడే ముందు వరసలో ఉన్నారు.

మాది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. నాన్న రైల్వే వర్క్‌షాపులో పనికి చేరి రాయపూర్ వచ్చారు, మేమిద్దరం ఇక్కడి క్వార్టర్లలోనే పుట్టి పెరిగాం, ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. అక్క ఈ సంఘంలోనే సండే స్కూలు పిల్లలకు పాటలు నేర్పేది, మీలో పెద్దవాళ్లకు ఆమె గొంతు గుర్తుండే ఉంటుంది. డిగ్రీ అయిన ఏడాది ఆమె చిక్కిపోవడం మొదలైంది, మెట్లెక్కితే కళ్లు తిరిగి కూలబడేది, ఒళ్లంతా నలుపెక్కసాగింది. మేడ మీద ఆరేసిన బట్టల మీద కూడా సిల్తారా ఫ్యాక్టరీల మసి పడే ఊరు కదా, అందుకే ఇలా అయ్యావని ఏడిపించాను కూడా. క్లినిక్‌కు తీసుకెళితే "కమ్‌జోరీ హై", ఒట్టి నీరసమే అని టానిక్ రాసి పంపించారు, ఎన్నిసార్లు వెళ్లినా అదే మాట, అదే టానిక్.

ఆ రోజుల్లో అక్కకు ఉప్పు మీద విపరీతమైన ఆశ ఉండేది. అన్నంలో కలుపుకున్నది చాలక, అరచేతిలో కల్లుప్పు పోసుకుని నాకేది, ఊరగాయ డబ్బా పక్కన పెట్టుకుని కూర్చునేది. ఒకరోజు మన సంఘం నుంచి మా ఇంటికి ప్రార్థనకు వచ్చిన వాళ్లు అది చూశారు. మనిషన్నవాళ్లు అలా తినరు, ఇది దురాత్మ పని అన్నారు. నలుపెక్కిన ఒళ్లు, ఉన్నట్టుండి పడిపోవడం, అన్నిటికీ అదే కారణమని తేల్చారు. అమ్మానాన్నలకు ఇంకెవరూ ఏ కారణమూ చెప్పలేదు, కనుక నమ్మారు. దాన్ని వదిలించాలని విడుదల ప్రార్థన పెట్టారు, అక్క చేత ఉపవాసం చేయించారు, ఉప్పు పూర్తిగా మానిపించారు. ఆమె లేవలేకపోతే లోపలున్నది ఎదురు తిరుగుతోందన్నారు.

ఆ ఉపవాసాల మధ్య ఒక సాయంత్రం నేను పక్కన కూర్చుంటే అక్క నా చెయ్యి పట్టుకుని, "నాలో దెయ్యమేటీ లేదే నిమ్మీ, నాకు ఓపిక లేదంతే" అంది. ఆ మాట అక్క అందరికీ చెప్పింది. ఎవరూ వినలేదు.

తరవాత జ్వరం వచ్చింది, వాంతులు పట్టుకున్నాయి, ఆదివారం ఆరాధన నుంచి అందరూ ఇళ్లకు వెళ్లే వేళకు ఆమెను ఆటో ఎక్కించారు. ఆసుపత్రి చేరకముందే అమ్మ ఒడిలోనే పోయింది. సమాధి దగ్గర దేవుడు తనకు ఇష్టమైన పువ్వును కోసుకున్నాడని ఎవరో అన్నారు. ఆ మాట అన్నవారిని నేను ఇంకా క్షమించే ప్రయత్నంలోనే ఉన్నాను సహోదరులారా, పూర్తయిందని అబద్ధం చెప్పను. అమ్మ ఆ రోజు నుంచి పాట పాడటం మానేసింది. గుడికి వచ్చి కూర్చుంటుంది, ఆమేన్ అనదు.

కొన్నేళ్లకు నాకు నయా రాయపూర్‌లో ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఎండల్లో బస్సు ప్రయాణం వల్ల అలసట అనుకున్నాను, బట్టలు వదులైతే పని ఒత్తిడి అనుకున్నాను. ఒక మధ్యాహ్నం నేను మజ్జిగలో ఉప్పు వేసుకుని తాగి, మళ్లీ వేసుకుని, మళ్లీ వేసుకుంటుంటే అమ్మ చూసింది. నా చెయ్యి తిప్పి అరచేతి గీతలు చూసింది, అవి నల్లబడి ఉన్నాయి. లోపలికెళ్లి చీర మార్చుకుని వచ్చి, "లే, ఎల్దాం" అంది. నాన్న ముందు పాస్టరుగారికి ఒక మాట చెబుదామన్నారు. "ఈసారి ముందు డాకటేరు. ఆ తరవాతే పార్థన" అని అమ్మ నన్ను నడిపించుకుని బయటకు వచ్చేసింది.

పెద్దాసుపత్రిలో ఒక డాక్టరుగారు నా అరచేతులు, చిగుళ్లు చూశారు, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశారు, మర్నాడు పొద్దున్నే రక్తం తీయించారు. మూత్రపిండాల పైన అడ్రినల్ అనే చిన్న గ్రంథులుంటాయని, నాలో అవి పని మానేశాయని, ఒంటికి కావలసిన హార్మోన్ తయారు కావడం లేదని, దాన్ని మాత్రల రూపంలో రోజూ వేసుకుంటే మామూలుగా బతకవచ్చని చెప్పారు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగారు. నేను అక్క సంగతి చెప్పాను. ఆయన కలం పక్కన పెట్టి, ఆమెకూ బహుశా ఇదే అయి ఉంటుందని, సమయానికి తెలిసి ఉంటే ఇవే మాత్రలతో ఆమె కూడా బతికేదని హిందీలో మెల్లగా అన్నారు.

"ఏటన్నాడే?" అంది అమ్మ.

ఇన్నేళ్లు రాయపూర్‌లో ఉన్న మనిషికి ఆ హిందీ అర్థం కాక కాదు. అయినా, "తెలుగులో సెప్పు" అంది. నేను తెలుగులో చెప్పాను. నా నోటితో నేను మా అమ్మకు ఆ మాట చెప్పాను సహోదరులారా, నా జీవితంలో అంతకన్నా కష్టమైన పని నాకు దేవుడు అప్పగించలేదు, ఇక మీదట అప్పగించకూడదని వేడుకుంటున్నాను. అమ్మ ఏడవలేదు. మాత్రల చీటీ తీసుకుని మందుల షాపు ఎటు అని అడిగింది.

అప్పటి నుంచి ఉదయం, మధ్యాహ్నం మాత్రలు వేసుకుంటున్నాను. జ్వరమొస్తే మోతాదు పెంచాలి, వాంతులై మాత్ర నిలవకపోతే ఆలస్యం చేయకుండా ఇంజెక్షన్ పడాలి, ఉపవాసం చేయకూడదు. మీరంతా ఉపవాస ప్రార్థనలో ఉన్నప్పుడు నేను వెనక గదిలో తిన్నది నిజమే, కొందరు చూసిన చూపులూ నిజమే. విశ్వాసముంటే మాత్రలెందుకని ఒక సహోదరి అడిగింది. జీవితాంతం మందులంటే మాకు వద్దని పెళ్లి మాటలకు వచ్చినవాళ్లు లేచిపోయారు. ఇవన్నీ మింగి బతికాను, మాత్రలతో పాటే.

మొన్నటి వేసవిలో ఆరంగ్‌లో బంధువుల కొత్త ఇంటి ప్రార్థనకు అమ్మా నేనూ వెళ్లాం. భోజనమైన కాసేపటికి నాకు వాంతులు మొదలయ్యాయి, వేసుకున్న మాత్ర బయటకు వచ్చేసింది, మళ్లీ వేసుకుంటే అదీ వచ్చేసింది. కారులో రాయపూర్‌కు బయలుదేరాం, దారిలోనే కాళ్లు చల్లబడ్డాయి, మాట ముద్దగా వచ్చింది, కిటికీ అవతలి ఎండ మసకబారింది. అప్పుడు నేను గొప్ప ప్రార్థనేమీ చేయలేదు. "ప్రభువా, మా అమ్మ ఒడిలో ఇంకొకసారి ఇది జరగనివ్వకు" అన్నాను. నన్ను బతికించమని కూడా అడగలేదు.

దారిలో కనబడిన మొదటి ఆసుపత్రిలో దింపారు. అక్కడి డాక్టరుగారు వడదెబ్బ, కడుపు పాడైందనుకుని సెలైన్ పెట్టించారు. నాకు కళ్లు తెరవడం చేతకావడం లేదు కానీ మా అమ్మ గొంతు మాత్రం వినబడుతూనే ఉంది.

"సాబ్, సెలైన్ అకేలా నహీ చలేగా. ఓ హైడ్రోకార్టిజోన్ వాలా సూయి పహలే లగావో." సెలైన్ ఒక్కటే చాలదు, ఆ ఇంజెక్షన్ ముందు వేయమంటోంది.

"అమ్మాజీ, పహలే జాంచ్ హోనే దో," అన్నారాయన. పరీక్షల ఫలితం రానివ్వమంటున్నారు.

"జాంచ్ బాద్ మే కరో సాబ్. మేరా బడా బేటీ ఐసా హీ గయా. అబ్ యహీ ఏక్ హై."

పరీక్షలు తరవాత చేయండి, పెద్ద కూతురు ఇలాగే పోయింది, ఇప్పుడు ఇదొక్కతే ఉంది అని ఆమె ఆ వచ్చీరాని హిందీలో అంటోంది. సమాధి దగ్గర కూడా అమ్మ గొంతు అలా వణకడం నేను వినలేదు. డాక్టరుగారు నన్ను చూసే డాక్టరుగారికి ఫోన్ కలిపించమన్నారు, మాట్లాడారు, ఫోన్ పెట్టేయకముందే నర్సును ఇంజెక్షన్ తెమ్మన్నారు. ఆయన విన్నారు. వినే మనిషిని ఆ గదిలో నిలబెట్టినందుకు నేను దేవునికి వందనాలు చెల్లిస్తున్నాను. ఇదే నా విడుదల సహోదరులారా, ఇంతకన్నా పెద్ద అద్భుతం నా దగ్గర లేదు.

మరునాడు పాస్టరుగారు ఆసుపత్రికి వచ్చారు. మంచం చివర నిలబడి, "అమ్మా, ప్రార్థన చేయమంటారా?" అని మా అమ్మను అడిగారు.

"సేసుకోండి," అంది అమ్మ. "దాని సెయ్యికున్న సూది మాత్రం తియ్యొద్దు."

ఆయన నా తల మీద చెయ్యి పెట్టలేదు. అక్కడే మోకాళ్ల మీద కూర్చుని, "తండ్రీ, సువార్త విషయంలో మా మాటను నీ మాటగా చెప్పాము. ఆ బిడ్డ చెప్పింది మేము వినలేదు. మమ్మల్ని క్షమించు" అన్నారు. నేను ఆమేన్ అన్నాను. అమ్మ అనలేదు, కానీ ఆయన లేచేటప్పుడు కుర్చీ ముందుకు జరిపింది.

నాకు జబ్బు నయం కాలేదు. ఇవాళ కూడా మాత్ర వేసుకునే వచ్చాను. మా అక్క పోవడం దేవుని చిత్తమని ఎవరైనా అంటే ఒప్పుకోను, అది మన చేతుల మీదుగా జరిగింది. అలాగని ఆయనను వదిలి వెళ్లనూ లేను, కోపం వచ్చిన రోజున కూడా ఆయనతోనే పోట్లాడాను, ఆయన నన్ను తరిమేయలేదు. మీలో ఎవరి ఇంట్లోనైనా చిక్కిపోతున్న బిడ్డ, నలుపెక్కి కూలబడుతున్న బిడ్డ ఉంటే ప్రార్థించండి, ప్రార్థిస్తూనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, తోడు కావాలంటే నేను వస్తాను. ఆ బిడ్డ చెప్పే మాట ముందు వినండి. ఆయనను నమ్మండి, కన్నీళ్లతోనైనా సరే, అలిగైనా సరే నమ్మండి, ఆయన అలాంటి వాళ్లను కూడా చేర్చుకుంటాడు. నా ప్రాణాన్ని కాపాడిన దేవునికే మహిమ.

మా అమ్మ చివరి బెంచీలో కూర్చుని ఉంది. ఆరాధన అయ్యాక ఆమె పక్కన కాసేపు కూర్చోండి. ఓదార్పు మాటలేమీ చెప్పకండి. ఆమెకు చెప్పాలనిపిస్తే సువార్త గురించి చెబుతుంది, మీరు వినండి.