విల్ఫ్ కళ్ళజోడు మళ్ళీ పడింది

మా విల్ఫ్‌కి కన్నం కనబడకూడదండీ. కనబడిందా, దాన్ని పూడ్చేదాకా టీ గొంతు దిగదు. వాళ్ళింటి తాళంకన్నంలో దూది. మేకు పీకిన చోటల్లా లప్పం. నడిమధ్య చిల్లుండే డోనట్ కొంటే, ఆ చిల్లులో జామ్ కూరితేగాని నోట పెట్టడు. తలుపుకి ఉత్తరాలు వేసే కంత ఉంటుందా, దానికి లోపల్నుంచి కంబళి ముక్క బిగించాడు. పోస్టుమ్యాన్ ఉత్తరాల్ని గంప కిందకి కోడిపిల్లల్ని తోసినట్టు తోస్తూ తిట్టుకునేవాడు. వాళ్ళావిడ మావిస్ అయితే పిండి జల్లెడ తెచ్చి మా ఇంట్లో దాచుకుంది.

మా యార్క్‌షైర్ ఊళ్ళో నెలనెలా మొదటి ఆదివారం పబ్బు వెనకాల కార్ల క్లబ్బు కూడుతుంది. కొన్న కార్లు కావు. ముక్కలు ముక్కలుగా పెట్టెల్లో తెప్పించుకుని, షెడ్డులో దూరి, పెళ్ళాల చేత తిట్లు తింటూ బిగించుకున్న కార్లు. బడి నుంచి రిటైరయ్యాక అక్కడ టీ కాచి పోసే పని నాది. అందుకే అన్నీ నా కళ్ళముందే జరిగాయి.

ఆ కార్లలో ఇంజనుకీ మన కాళ్ళకీ మధ్య ఉండేది ఒక్క రేకు గోడ. వైర్లు దాంట్లోంచే రావాలి, గొట్టాలు దాంట్లోంచే రావాలి, స్టీరింగు కడ్డీ దాంట్లోంచే రావాలి. ఎన్ని కన్నాలో చూడండి మరి. విల్ఫ్‌ని దేవుడు ఆ గోడ కోసమే పుట్టించాడనిపించేది.

ఓ మధ్యాహ్నం జల్లెడ ఇచ్చొద్దామని వెళ్తే, షెడ్డులో కారు మీద నల్ల టార్పాలిన్ కప్పి ఉంది. విల్ఫ్ దాని కింద, కారు లోపల. మావిస్ ముందు పక్క ఇంజను మీదకి వంగి టార్చిలైటు పట్టుకుంది.

"ఇంకాస్త ఎడమకి, మావిస్."

"నీ ఎడమా, నా ఎడమా?"

"కారు ఎడమ."

"అయితే కారుకే చెప్పుకో. ఓవెన్లో మాంసం మాడుతోంది నాకు."

"ఆగాగు. వెలుగు చుక్క కనిపిస్తోంది. బ్రేకు పెడలు వెనక. సూదిమొనంత."

"సూదిమొనంత కన్నంలోంచి ఏమొస్తుందయ్యా?"

"వెలుగు వచ్చిందిగా. వెలుగొచ్చిన దారిన పొగ రాదా? పొగొచ్చిన దారిన మంట రాదా?"

చాదస్తం అనుకున్నాను. జల్లెడ మళ్ళీ సంచీలో పెట్టుకుని వచ్చేశాను.

ఇక మా క్లబ్బులో క్లైవ్ ఉన్నాడు. నలభై దాటినా చిన్నపిల్లాడే. విల్ఫ్‌కి సరిగ్గా తలకిందులు. కారు తేలిగ్గా ఉంటే బాగా పరిగెడుతుందని కనబడిన రేకుకల్లా చిల్లులు పొడిచేవాడు. హ్యాండు బ్రేకుకి చిల్లులు, సీటు కింది రేకుకి చిల్లులు, ఆఖరికి నా దగ్గర టీ చెంచా పట్టుకెళ్ళి దానికీ చిల్లులు. పైగా ఇంజను మార్చినప్పుడు, పాత గొట్టాల కన్నాలు ఆ రేకు గోడలో నోళ్ళు తెరుచుకుని అలాగే ఉండిపోయాయి.

"అవి మూసెయ్యరా అబ్బాయ్," అన్నాడు విల్ఫ్.

"బరువు పెద్దాయనా, బరువు. నా కారు మీద చెయ్యి పడిందంటే నీ ముక్కు కన్నాలు పూడ్చేస్తా."

అందరూ నవ్వారు. విల్ఫ్ కూడా నవ్వాడు. టీ దగ్గరికొచ్చాక మాత్రం మావిస్‌తో మెల్లిగా, "ఎండాకాలం కొండ మీదకి వెళ్ళేటప్పుడు వాళ్ళమ్మని పక్కన కూచోబెట్టుకుంటాడట," అన్నాడు. టీ సగమే తాగాడు.

అప్పట్నుంచీ ఆయనకో కొత్త జబ్బు పట్టుకుంది. కళ్ళజోడు పడిపోవడం. ఎవరి కారులోకి వంగి చూసినా సరే, చొక్కా జేబులోంచి జారి నేరుగా పెడళ్ళ మధ్యకి పోయేది. ఇక తల లోపల, కాళ్ళు బయట. ఆ కాళ్ళ పక్కన టీ పెట్టి రావడం నాకు అలవాటైపోయింది.

"దొరికిందా విల్ఫ్?"

"ఇక్కడే ఎక్కడో ఉంది తల్లీ."

"తాడు కట్టుకోవచ్చుగా దానికి?"

"తాడు కట్టాలంటే దానికి కన్నం పెట్టాలి."

అందరికంటే ఎక్కువసార్లు పడింది క్లైవ్ కారులోనే. "పాపం, చూపు పోతోంది ముసలాయనకి," అనేవాడు క్లైవ్. మావిస్ మాత్రం బిస్కట్ టీలో ముంచుకునేది.

జూన్‌లో, ఎండ కాసే రోజుల్లో, క్లబ్బంతా కార్లలో కొండ ఎక్కాం. ముందు క్లైవ్, పక్కన వాళ్ళమ్మ డాట్, ఆవిడకి ఎనభై దాటాయి. సగం ఎత్తులో వాళ్ళ కారు పెట్రోలు గొట్టం చిట్లింది. ఇంజను మూత సందుల్లోంచి భగ్గుమని మంట. క్లైవ్ కారాపి తల్లిని ఎత్తుకుని గడ్డి మీదకి పరిగెత్తాడు. మిగతావాళ్ళు తమ కార్లలోని మంటలార్పే డబ్బాలు పట్టుకొచ్చి ఆర్పారు. ముందుభాగమంతా రంగు బొబ్బలెక్కింది, వైర్లు కరిగి జీడిపాకంలా వేలాడాయి.

"కాళ్ళు కాలాయా అమ్మా?" క్లైవ్ ఆవిడ పాదాలు తడిమాడు.

డాట్ అప్పటిదాకా ఒళ్ళో పట్టుకునే ఉన్న తిండి డబ్బా మూత తీసి వేలితో తాకి చూసింది. "నా కాళ్ళకేంరా. మాంసం కూరిన రొట్టె కూడా వెచ్చబడలేదు. తింటావా?"

క్లైవ్ కారు దగ్గరికి వెళ్ళి పెడళ్ళ కింద తల దూర్చాడు. ఈసారి బయటున్న కాళ్ళు వాడివి. పాత కన్నాలన్నిటి మీదా రేకు బిళ్ళలు అతికించి ఉన్నాయట. చుట్టూ మంటకి ఓర్చే ఎర్ర లప్పం, దాని మీద ఎవరిదో వెడల్పాటి బొటనవేలి ముద్ర.

బయటికొచ్చి విల్ఫ్ ముందు నిలబడ్డాడు. ఆయన జేబులోంచి కళ్ళజోడు లాగి, రెండు వేళ్ళు పెట్టి చూశాడు. వేళ్ళు అవతలికి వచ్చేశాయి. ఉత్త ఫ్రేమ్.

"ఇందులో అద్దాలేవి పెద్దాయనా?"

విల్ఫ్ చెవులు ఎర్రబడ్డాయి. "తీసేశానబ్బాయ్. బరువు తగ్గుతుందని."

ముందు నవ్వింది డాట్. తర్వాత ఎవరు ఆగారు కనక. క్లైవ్ నవ్వుతూనే ఆయన్ని వాటేసుకుని, ఆ పట్టు చాలాసేపు వదల్లేదు.

వాడు కారు మళ్ళీ బిగించుకుని వచ్చేసరికి శీతాకాలం దాటింది. ఆ ఆదివారం అందరికంటే ముందొచ్చి, కారు తలుపు తెరిచి పెట్టుకుని కూచున్నాడు. విల్ఫ్ రాగానే కళ్ళజోడు ఆయన జేబులోంచి తీసి, తన పెడళ్ళ మధ్యకి విసిరేశాడు.

"అయ్యో, పడిపోయింది పెద్దాయనా. వెతుక్కో."

నేను టీ పోసి కాళ్ళ పక్కన పెట్టి వచ్చాను.